రెండు చేతులు... ఒక గుడారం!

ఉతికిన దుప్పటిని డాబా మీద ఆరేస్తున్నారు. ఉన్నట్టుండి గాలి లేచింది. ఓ కొస పట్టుకుంటే రెండో కొస వచ్చి మొహానికి కొడుతుంది. దాన్ని అందుకునేలోగా మొదటిది చేజారుతుంది. 'ఒరేయ్, ఇలా వచ్చి ఓ చెయ్యి వెయ్యరా' అని కిందికి కేకేస్తాం. ఎవరో ఒకరు వచ్చి రెండో కొస పట్టుకుంటారు. అర నిమిషంలో పని అయిపోతుంది.

ఇప్పుడు ఆ దుప్పటి స్థానంలో గుడారాన్ని ఊహించుకోండి. డాబా స్థానంలో అంటార్కిటికా! గాలి గంటకు అరవై కిలోమీటర్లు. చలి మైనస్‌ ఇరవై డిగ్రీలు. కేకేస్తే పలికేవాళ్లు వందల కిలోమీటర్ల దాకా లేరు. దుప్పటి ఎగిరిపోతే పక్కింటి పెరట్లోంచి తెచ్చుకోవచ్చు. అక్కడ గుడారం ఎగిరిపోతే... బతుకు మీద ఆశ వదులుకోవాల్సిందే.

మంచు ఖండంలో ఒంటరిగా నడిచేవాళ్ల గురించి చదివినప్పుడల్లా మనకు కనిపించేవి అంకెలే. ఎన్ని కిలోమీటర్లు నడిచారు, ఎన్ని కిలోల బరువు లాగారు, ఎన్ని రోజులు పట్టింది... ఇవే. నిజానికి నడుస్తున్నంతసేపూ ఒళ్లు వెచ్చగానే ఉంటుంది. అసలు పరీక్ష నడక ఆగాక మొదలవుతుంది. సాయంత్రం గుడారం వేసే కాసేపు, పొద్దున దాన్ని దించే కాసేపు. ఆ కాసేపట్లో ఒక్క పొరపాటు జరిగితే అప్పటిదాకా నడిచిన వందల కిలోమీటర్లూ వృథా. చేతులేమో రెండే. పట్టుకోవాల్సిన కొసలు నాలుగు!

గాలి లెక్కే వేరు
గాలి వేగం రెట్టింపైతే దాని తోపుడు కూడా రెట్టింపవుతుందనే అనుకుంటాం. కాదు, నాలుగింతలవుతుంది! గంటకు 60 కిలోమీటర్ల గాలి ఎదురుగా ఉన్న ప్రతి చదరపు మీటరు మీదా సుమారు 17 కిలోల బరువుతో నెడుతుంది. అదే 120 కిలోమీటర్లయితే దాదాపు 70 కిలోలు. విప్పిన గుడారం గుడ్డ నాలుగైదు చదరపు మీటర్లు గాలికి ఎదురు నిలిచిందంటే, అరవై కిలోమీటర్ల గాలికే ఓ మనిషి బరువంత లాగుడు. అంటే గుడారాన్ని మనిషి పట్టుకోవడం కాదు, గుడారమే మనిషిని పట్టుకుపోతుంది. గాలివానకు లేచిపోయే పెళ్లి షామియానాను చూసినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. అక్కడైతే గుంజకొకరు చొప్పున వేలాడటానికి మగపెళ్లివారూ ఆడపెళ్లివారూ ఉంటారు!

దీనికి చలి తోడవుతుంది. మైనస్‌ ఇరవైలో యాభై కిలోమీటర్ల గాలి వీస్తే చర్మానికి అది మైనస్‌ ముప్ఫై అయిదులా తగులుతుంది. ఆ గాలికి తెరిచి ఉంచిన చర్మం పది నిమిషాల నుంచి అరగంటలోపు గడ్డకట్టడం మొదలవుతుంది. కాబట్టి ముడి విప్పడానికి చేతి తొడుగు తీయకూడదు. తొడుగుతో ముడి విప్పడమేమో కుదరదు. ఈ చిక్కు చిన్నదిగా కనిపిస్తుంది కానీ, మంచులో ఎన్నో వేళ్లు పోయింది ఇలాంటి చిన్న పనుల దగ్గరే.

వంద మైళ్లు... ఒక్కడే!
అంకె ఏదైతేనేం, మనిషి ఒక్కడే. ఒంటరిగా గుడారం వేయడమన్నది ప్రాణసమస్యగా మారిన సందర్భాల్లో అన్నిటికన్నా గట్టిది 1913 జనవరి నాటిది. ఆస్ట్రేలియా భూగర్భ శాస్త్రవేత్త డగ్లస్‌ మాసన్‌ది ఆ కథ.

మాసన్‌ బృందం స్థావరం అంటార్కిటికా తీరంలోని కేప్‌ డెనిసన్‌. ఎత్తయిన మంచు పీఠభూమి మీద చల్లబడి బరువెక్కిన గాలి, వాలు వెంట జారి సముద్రంలోకి దూకే చోటు అది. ఏడాది పొడవునా సగటు గాలి వేగమే గంటకు సుమారు 80 కిలోమీటర్లు. మన దగ్గర తుపాను హెచ్చరిక జారీ చేసే స్థాయి గాలి అక్కడ మామూలు రోజు! అలాంటి చోటు నుంచి 1912 నవంబరులో మాసన్‌, స్విట్జర్లాండ్‌ స్కీయింగ్‌ నిపుణుడు జేవియర్‌ మెర్ట్జ్‌, బ్రిటిష్‌ సైనికాధికారి నిన్నిస్‌... ముగ్గురూ కుక్కలు లాగే స్లెడ్జి బళ్లతో తూర్పుగా బయలుదేరారు.

డిసెంబరు 14న మంచు కింద దాగి ఉన్న అగాధంలోకి నిన్నిస్‌ బండితో సహా పడిపోయాడు. అతడితోపాటే ఆరు మంచి కుక్కలు, తిండిలో ఎక్కువ భాగం, పార... వాటితో పాటు గుడారం కూడా పోయాయి. స్థావరం ఇంకా 500 కిలోమీటర్ల దూరంలో ఉంది. మిగిలిన ఇద్దరి దగ్గర ఉన్నది పది రోజుల తిండి, కర్రల్లేని గుడారపు గుడ్డ ఒకటి. అదైనా ఉంది కాబట్టి సరిపోయింది. పనికిరాదని అంతకుముందు వదిలేసిన స్లెడ్జి చెక్కల్ని కోసి, మెర్ట్జ్‌ స్కీలను జతచేసి, ఆ గుడ్డకు ఓ చట్రం తయారు చేసుకున్నారు. లోపల ఇద్దరు పడుకుంటే మూడో వస్తువుకు చోటుండదు. అయినా అదే ఇల్లు. ఒక్కో కుక్కనే చంపి తింటూ వెనక్కి నడిచారు.

జనవరి 8న మెర్ట్జ్‌ కూడా చనిపోయాడు. బయట మంచు తుపాను. చనిపోయిన మిత్రుడి పక్కనే నిద్ర సంచిలో పడుకుని మాసన్‌ ఏం ఆలోచించాడో తెలుసా? ఇంకా వంద మైళ్లు, అంటే 160 కిలోమీటర్లు ఎలా నడవాలని కాదు. ఈ గాలిలో గుడారాన్ని ఒంటరిగా దించడమెలా? మళ్లీ ఒంటరిగా వేయడమెలా? ఆ తర్వాత రాసిన పుస్తకంలో అతడు చెప్పుకున్న మాట ఇది. అప్పటికి చాలా రోజులుగా తిండి చాలక ఒళ్లు శుష్కించింది. చర్మం పొరలు పొరలుగా ఊడుతోంది. అయినా మనసును తొలిచింది గుడారమే. ఒకసారి దించి, దారిలో గాలి లేచి, తిరిగి వేయలేకపోతే? ఆ రాత్రే ఆఖరిది.

అందుకే అతడు తొందరపడలేదు. గాలి తగ్గేదాకా ఆగాడు. ఆగిన సమయంలో ఊరకే కూర్చోలేదు. జేబుకత్తితో స్లెడ్జిని సగానికి కోసి తేలిక చేశాడు. మెర్ట్జ్‌ కోటుతో బండికి తెరచాప కట్టాడు. మిత్రుడి మీద మంచు దిమ్మెలు పేర్చి, మిగిలిన చెక్కలతో శిలువ నిలబెట్టాడు. జనవరి 11న వాతావరణం తేటపడ్డాక గానీ గుడారం దించలేదు. కొద్ది దూరం నడిచాక పాదాలు విప్పి చూసుకుంటే అరికాళ్ల చర్మం అట్టలా ఊడి వచ్చింది! దాన్నే మళ్లీ పెట్టి కట్టుకుని, దాని మీద మేజోళ్లు తొడుక్కుని నడిచాడు.

ఆరు రోజుల తర్వాత తానే ఓ అగాధంలో పడ్డాడు. నడుముకున్న తాడు, పైన మంచులో ఇరుక్కున్న స్లెడ్జి ఆపాయి. ముడులు వేసి ఉన్న తాడు పట్టుకుని పైకి ఎగబాకాడు. అంచు విరిగి మళ్లీ పడ్డాడు. మళ్లీ ఎక్కాడు. పైకొచ్చి స్పృహ తప్పి పడిపోయాడు. తెలివొచ్చాక చేయాల్సిన మొదటి పని? ఏముంది... గుడారం వేసుకోవడమే! ఆ పని వాయిదా వేయడానికి లేదు, ఇంకొకరికి అప్పగించడానికీ లేదు.

జనవరి 29న వెతుక్కుంటూ వచ్చినవాళ్లు వదిలి వెళ్లిన తిండి మూట కనిపించింది. వాళ్లు అక్కణ్నుంచి వెళ్లి కొన్ని గంటలే అయింది. ఫిబ్రవరి 1న స్థావరానికి దగ్గర్లోని మంచు గుహను చేరాడు. ఇల్లు ఇంకా పది కిలోమీటర్ల లోపే. అయినా నున్నటి మంచు వాలు మీద ఆ గాలిలో దిగలేక వారం రోజులు అక్కడే చిక్కుకుపోయాడు. ఫిబ్రవరి 8న దిగి వచ్చేసరికి, ఇంటికి తీసుకెళ్లాల్సిన ఓడ సముద్రంలో దూరమవుతూ కనిపించింది. అతడి కోసం ఆగిన ఆరుగురితో కలిసి మరో ఏడాదిపాటు ఆ గాలిలోనే ఉండిపోయాడు.

ముడుచుకున్న గొడుగు
ముగ్గురున్నా గుడారం పోవచ్చని చెప్పే కథ కూడా ఉంది. మాసన్‌ కన్నా ఏడాదిన్నర ముందు, 1911 నడిశీతకాలంలో కెప్టెన్‌ స్కాట్‌ బృందంలోని విల్సన్‌, బోవర్స్‌, చెర్రీ గారార్డ్‌ చక్రవర్తి పెంగ్విన్ల గుడ్ల కోసం కేప్‌ క్రోజియర్‌కు వెళ్లారు. పగలన్నదే లేని చీకటి. మైనస్‌ అరవై డిగ్రీల దాకా పడిపోయిన చలి. రాళ్లతో చిన్న గూడు కట్టుకుని, దానికి కాన్వాసు కప్పు వేసి, పక్కనే గుడారం నిలబెట్టారు. తుపానులో మొదట గుడారం ఎగిరిపోయింది. తర్వాత కాన్వాసు కప్పు పీలికలైపోయింది. నిద్ర సంచుల్లో ముడుచుకుని, మీద మంచు కప్పేస్తుంటే, పాటలు పాడుకుంటూ గాలి ఆగేదాకా ఎదురుచూశారు. గుడారం లేకుండా తిరుగు ప్రయాణం అసాధ్యమని ముగ్గురికీ తెలుసు. పైకి ఎవరూ అనలేదు.

గాలి తగ్గాక వెతికితే, అర మైలు దూరంలో వాలు కింద దొరికింది! పెద్దగా చినగనూ లేదు. ఎగిరేటప్పుడు కర్రలన్నీ దగ్గరకొచ్చి గొడుగు ముడుచుకున్నట్టు ముడుచుకుపోయింది. తెరుచుకునే ఉంటే సముద్రం దాకా పోయేదే. ఆ తర్వాత బోవర్స్‌ ఓ పని చేశాడు. నిద్రపోయే ముందు గుడారానికి తాడు కట్టి, రెండో కొస తనకే కట్టుకున్నాడు. ఈసారి అది పోతే తానూ దాంతోపాటే పోవాలన్నమాట! నవ్వొచ్చే విషయమే కానీ, ఇవాళ్టి ఒంటరి యాత్రికులు నేర్చుకునే మొదటి సూత్రం అచ్చం ఇదే.

తాళి కట్టాకే ముడి విప్పాలి!
సూత్రం ఒక్కటే: గుడారం ఒక్క క్షణమైనా దేనికీ కట్టకుండా ఉండకూడదు. మూట విప్పకముందే కట్టాలి. మూట కట్టేశాకే విప్పాలి. ఒంటరివాడికి రెండో మనిషి లేని లోటు తీర్చేది కండబలం కాదు, పనుల వరస.

ధ్రువ ప్రాంతాల్లో ఎక్కువమంది వాడేది సొరంగంలా ఉండే పొడవాటి గుడారం. దాని కమ్మీలను ప్రతి రోజూ పూర్తిగా విప్పరు. ముక్కలను టేపుతో అతికించి, గుడ్డ తొడుగుల్లోనే ఉంచి, ఒకటి రెండు చోట్ల మాత్రం మడిచి, పొడవుగా చుట్టి స్లెడ్జి మీద కడతారు. వేళ్లు మొద్దుబారిన సాయంత్రం పూట ఈ చిన్న ఏర్పాటు ఎంతో సమయాన్ని మిగులుస్తుంది.

ఆగగానే మొదట చూసేది గాలి ఎటు నుంచి వస్తోందని. స్లెడ్జిని గాలి వచ్చే వైపు అడ్డంగా నిలిపి కదలకుండా చేస్తారు. గుడారం ఓ చివరను కొక్కెంతో స్లెడ్జికో, మంచులో లోతుగా దించిన స్కీకో తగిలిస్తారు. అప్పుడు గానీ చుట్ట విప్పరు. విప్పడానికి కష్టపడక్కర్లేదు, గాలే విప్పుతుంది! జెండాలా కొట్టుకునే ఆ గుడ్డ మీద మోకాళ్లతో కూర్చుని, అవసరమైతే ఒళ్లంతా వాల్చి పడుకుని, కమ్మీలను ఒక్కొక్కటే సరిచేస్తారు. అప్పటిదాకా గుడారం నేలబారుగానే ఉండాలి. ఆత్రపడి ముందే పైకి లేపితే అది తెరచాప అయిపోతుంది.

అన్నీ సిద్ధమయ్యాక గాలి పోయే వైపు చివరను పట్టి లాగితే సొరంగం ఒక్కసారిగా లేచి నిలబడుతుంది. లాగిన చివరను బిగించి, గాలి వైపు తాళ్లను ముందు కట్టి, ఆ తర్వాత మిగతావి. మేకులు వదులు మంచులో నిలవవు. అందుకని స్కీలు, ఊత కర్రలు, మంచులో అడ్డంగా పాతిన సంచులు... దొరికిందల్లా మేకే! గట్టి నీలి మంచు అయితే మర మేకులు తిప్పి దించాలి. గుడారం చుట్టూ నేలను తాకేలా ఓ అడుగు వెడల్పు గుడ్డ అంచు ఉంటుంది. దాని మీద పారతో మంచు ఎత్తిపోస్తారు. వరిగడ్డి వామి మీది పట్టా లేచిపోకుండా అంచుల మీద రాళ్లు పెట్టే మన రైతుకు ఈ విద్య కొత్తేమీ కాదు. గాలి గుడారం కిందికి దూరిందంటే ఇక అది ఆగదు.

పరుపు చుట్ట, చేతి తొడుగులు, టోపీ... వదిలిందల్లా ఎగిరిపోతుంది. చిన్నపిల్లలకు కట్టినట్టు తొడుగులకు తాడు కట్టి మణికట్టుకు తగిలించుకోవడం అందుకే. లోపలికి వెళ్లాక కూడా ప్రమాదం పూర్తిగా పోదు. బయట మంచు పేరుకుని గాలి రంధ్రాలు మూసుకుపోతే, వెలుగుతున్న స్టవ్‌ నుంచి వచ్చే కార్బన్‌ మోనాక్సైడ్‌ నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

దించడమే కష్టం
వేయడం కన్నా దించడం తేలికనిపిస్తుంది. చాలా సందర్భాల్లో ఇదే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. వేసేటప్పుడు ప్రతి నిమిషానికీ గుడారం నేలకు మరింత గట్టిగా అతుక్కుంటుంది. దించేటప్పుడు ప్రతి నిమిషానికీ ఓ పట్టు వదులుతుంది! పైగా రాత్రంతా వెచ్చగా ఉన్న ఒళ్లు, గడ్డకట్టిన తాళ్లు, మంచు కింద ఎక్కడో పూడిపోయిన మేకులు.

లోపలి సామానంతా సర్ది, పూర్తిగా దుస్తులు వేసుకున్నాకే బయటికి రావాలి. మూటలు స్లెడ్జిలో కట్టేయాలి. ఆ తర్వాత అంచుల మీది మంచు తీసి, గాలి పోయే వైపు చివరను ముందుగా వదలాలి. గుడారం చప్పున నేలకు వాలిపోతుంది. గాలి వైపు కట్టు మాత్రం ముట్టుకోకూడదు. కమ్మీలను తోయాలే తప్ప లాగకూడదు. లాగితే కీళ్లు ఊడి ముక్కలు తొడుగులోనే ఉండిపోతాయి. గాలి పోయే వైపు నుంచి మోకాళ్లతో అదుముతూ, గాలికి ఎదురుగా చుట్టుకుంటూ రావాలి. చుట్ట స్లెడ్జి మీద పట్టీలతో బిగిసిన తర్వాతే ఆఖరి కొక్కెం తీయాలి. ముందు తీస్తే అంతసేపు పడ్డ పాటంతా గాలికి వదిలినట్టే.

కొన్నిసార్లు సరైన నిర్ణయం అసలు దించకపోవడమే. మాసన్‌ మూడు రోజులు ఆగింది అందుకే. తిండి లెక్క ప్రకారం రోజూ నడవాల్సిందేనన్న తొందర, గాలిలో గుడారం విప్పితే ఏమవుతుందోనన్న భయం... ఈ రెండింటి మధ్య ఒంటరి మనిషి ఎవరినీ అడగకుండా తేల్చుకోవాలి. ఎంత మంచి పరికరాలున్నా ఈ తూకం తప్పదు. 2013లో గ్రీన్‌లాండ్‌ను దాటబోయిన ముగ్గురు బ్రిటన్‌ యాత్రికులు గుడారాలను భీకరమైన గాలిలో పోగొట్టుకున్నారు. వాతావరణం అనుకూలించక సహాయం ఆలస్యమైంది. ముగ్గురిలో ఒకరు మరణించారు. వాళ్ల దగ్గర శాటిలైట్‌ ఫోన్‌ లేక కాదు!

అసలు గుడారమే వద్దనుకున్నవాళ్లూ ఉన్నారు. జపాన్‌ సాహసికుడు నవోమి ఉయెమురా 1984 ఫిబ్రవరిలో అలాస్కాలోని డెనాలి పర్వతాన్ని ఒంటరిగా ఎక్కేటప్పుడు మంచులో గుహలు తవ్వుకుని పడుకోవాలని నిర్ణయించుకున్నాడు. బరువు తగ్గుతుంది, గాలి బెడద ఉండదు. శిఖరం చేరాడు కూడా. తిరిగి మాత్రం రాలేదు. ఏం జరిగిందన్నది ఇప్పటికీ రహస్యమే కాబట్టి, తప్పు గుహదా గుడారానిదా అని తీర్పు చెప్పడం కుదరదు.

పెరట్లో మొదలు
ఇవాళ ధ్రువ యాత్రకు వెళ్లాలనుకునేవాళ్లు నార్వేలోని ఫిన్సే లాంటి చోట్ల సాధన చేస్తారు. ఓస్లో నుంచి బెర్గెన్‌ వెళ్లే రైలు దారిలో, 1,222 మీటర్ల ఎత్తున ఉన్న స్టేషన్‌ అది. షాకిల్టన్‌ తన యాత్రకు ముందు సరంజామాను పరీక్షించుకున్న ఊరు. అంతకన్నా ముందు ఇంటి పెరట్లో మొదలవుతుంది పని. మందపాటి తొడుగులతో, చీకట్లో, కావాలని గాలి రోజులు చూసుకుని... వేయడం, దించడం, మళ్లీ వేయడం. బుర్ర పనిచేయడం మానేసిన సాయంత్రం కూడా చేతులు వరస మర్చిపోకూడదు కదా!

భారత సంతతికి చెందిన బ్రిటిష్‌ సైనికాధికారిణి ప్రీత్‌ చాందీ 2022 జనవరి 3న ఒంటరిగా దక్షిణ ధ్రువం చేరింది. నలభై రోజులు పట్టింది. అంటే దాదాపు నలభై సార్లు వేయడం, నలభై సార్లు దించడం. మరుసటి ఏడాది ఏకంగా డెబ్భై రోజులు, 1,485 కిలోమీటర్లు నడిచింది. పత్రికలన్నీ కిలోమీటర్లే రాశాయి. గుడారం లెక్క ఎవరూ వేయలేదు.

ఆమె కన్నా ముందు, 2012 జనవరిలో బ్రిటన్‌కే చెందిన ఫెలిసిటీ ఆస్టన్‌ అంటార్కిటికాను ఈ చివర నుంచి ఆ చివరకు ఒంటరిగా దాటిన తొలి మహిళగా పేరు తెచ్చుకుంది. 1,744 కిలోమీటర్లు, 59 రోజులు. అన్నిటికన్నా కష్టమైంది ఏమిటంటే, ప్రతి పొద్దునా గుడారంలోంచి బయటికి రావడమేనని చెప్పింది. అనుకున్న చోటుకు, హెర్క్యులెస్‌ ఇన్‌లెట్‌కు చేరింది. తీసుకెళ్లాల్సిన చిన్న విమానం వాతావరణం బాగోలేక రాలేదు. ఇక చేసేదేముంది? మరోసారి గుడారం వేసుకుని లోపల కూర్చుంది. చరిత్ర సృష్టించిన వార్తను విలేకరులకు శాటిలైట్‌ ఫోన్‌లో చెప్పింది ఆ గుడారంలోంచే.